మూడో పిలుపు

కాషాన్
ఖొర్దాద్ 25, 1378

మా అమ్మకు ఒక్కగానొక్క చెల్లెలు, దర్రెబీద్ ఊరి పావురాలన్నిటికీ మహారాణి అయిన తూబా ఖాలా జాన్ గారికి,

సలాం. "ఇక్కడ మీరు దగ్గర లేరన్న దిగులు తప్ప మరే దిగులూ లేదు" అని ఉత్తరం మొదలుపెట్టడం మర్యాద. కానీ సైన్సు మాస్టారు అబద్ధం రాయకూడదు. అంతకంటే పెద్ద దిగులే ఒకటుంది. నాకు ఉద్యోగం తప్పు ఊళ్లో ఇచ్చారు.

ఈ సంగతి మొన్న ఒక నక్షత్రాల పత్రికలోని పటం చూశాక తెలిసింది. వచ్చే మొర్దాద్ నెల ఇరవైన, ఫిరంగీల లెక్కలో 1999 ఆగస్టు పదకొండున, సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలో చంద్రుడు సూర్యుణ్ణి పూర్తిగా మూసేస్తాడు. ఆ నీడ పడమటి కొండలు దిగి వచ్చి ఇస్ఫహాన్ నెత్తిమీదుగా, మీ ఊరి నెత్తిమీదుగా, మీ పెరట్లోని పావురాల బురుజు నెత్తిమీదుగా నడుచుకుంటూ పోతుంది. కాషాన్‌ను మాత్రం పలకరింపులు లేని చుట్టం ఇంటిలా చూసీ చూడనట్టు దాటుకుని పోతుంది.

ఇక్కడ నూటికి తొంభై ఎనిమిది పాళ్లే మూసుకుంటుంది. ఈ అన్యాయాన్ని మా హెడ్మాస్టరు సదాకత్ గారికి విన్నవించుకున్నాను. ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ, తొంభై ఎనిమిది మార్కులొచ్చిన కుర్రాడు ఏడవడం తన సర్వీసులో చూడలేదన్నారు. నదిని నూటికి తొంభై ఎనిమిది పాళ్లు దాటినవాణ్ణి దాటినవాడని ఎవరూ అనరు, మునిగినవాడంటారని నేను జవాబిచ్చాను. మిగిలిన ఆ రెండు పాళ్ల సూర్యుడు చాలు, పగలు పగలుగానే ఉండిపోవడానికి. నక్షత్రాలు రావు, సూర్యుడి చుట్టూ తెల్లటి జూలు విచ్చుకోదు, ఏమీ జరగదు.

సెలవులే అయినా మా ఖగోళ సంఘం సాయంత్రాలు బడి మేడ మీద కూడుతోంది. మొత్తం ముప్ఫై ఒక్కమంది. నిన్న గ్రహణం పాఠం చెప్పాను. దీపం సూర్యుడు, దానిమ్మకాయ భూమి, బాదంగింజ చంద్రుడు. పాఠం సగంలో ఉండగానే చంద్రుణ్ణి ఎవరో తినేశారు. మిగిలిన సగం భక్తిశ్రద్ధలతో ఖాళీ చేతితో చెప్పాను. తర్వాత మా వంటింట్లోంచి అన్నం వార్చే చిల్లుల పళ్లెం తెచ్చి ఎండలో పట్టాను. గోడమీద ఒక్కో చిల్లుకి ఒక్కో గుండ్రటి సూర్యుడు పడ్డాడు. ఆకాశం వైపు చూడకుండానే గ్రహణం చూసే ఉపాయం ఇది. ఏ చిన్న చిల్లైనా సూర్యుడి బొమ్మ గీస్తుంది, సూర్యుడు తరుగుతుంటే ఆ బొమ్మా తరుగుతుంది.

పాఠం అయ్యాక పిల్లలందరూ కలిసి ఒకే ప్రశ్న అడిగారు: "మరి మేమెక్కణ్ణుంచి చూస్తాం, మాస్టారు ఆగా?" పొద్దుపోయిందంటూ మేడ దిగిపోయాను. కాషాన్ వాళ్లం మొదటే పిరికివాళ్లమని పేరుంది, దానికి ఇది తోడు.

నేను మాత్రం ఒక్కణ్ణి, తమరి మల్బరీ చెట్టు కింద, ఓ మూల, ఎవరికీ అడ్డం రాకుండా నిలబడి చూసి వెళ్లిపోవచ్చా?

మీ నీడ మా తలల మీద ఎప్పుడూ తరగకూడదని కోరే,
కియూమర్స్


దర్రెబీద్
తీర్ 3

కియూమర్స్ జాన్,

ఉత్తరం అందింది. మల్బరీ చెట్టు కింద ఓ మూల నిలబడతావా? నేను చచ్చిపోయానా? నీ అడుగు నా కంటి మీద. ఈ ఇల్లు నీది, ఈ మేడ నీది, బురుజు నీది, పావురాలూ నీవే. ఒక్కడివే ఎందుకు, ఆ పిల్లల్నీ తీసుకురా. బడినంతా తీసుకురా. హెడ్మాస్టరునూ తీసుకురా.

గ్రహణం సంగతి మాత్రం నాకు చెప్పకు. టీవీలో ఆయనెవరో కోటు వేసుకుని, ఆరోజు తలుపులు మూసుకుని లోపల కూర్చోండన్నాడు. నేను లోపలే ఉంటాను. తెర కూడా దించుతాను. దేవుడు దీపం ఆర్పుకునేటప్పుడు తొంగి చూడటం ఏం మర్యాద?

నువ్వు అన్నం వార్చే పళ్లెం ఎండలో పెట్టి ఆడుకుంటున్నావని తెలిసి మీ అమ్మ ఆత్మ ఎంత సంతోషిస్తోందో. నీకు ఇరవై ఏడేళ్లు నిండాయి.

పుచ్చతీగలు బాగున్నాయి. ఖర్బూజాలు ఈసారి తలకాయంత దిగుతాయి, అంతా బురుజులో రాలే పావురాల పెంట ఎరువు మహిమ.

నీకు ప్రాణం పెట్టే ఖాలా


కాషాన్
తీర్ 9

దయామయి ఖాలా జాన్,

మీ ఉత్తరాన్ని మేడ మీద బిగ్గరగా చదివాను. "బడినంతా తీసుకురా" అన్న చోట పిల్లలు చేసిన గోలకు పక్కింటి రోజ్‌వాటర్ బట్టీ ఆవిడ బయటికొచ్చి భూకంపమా అని అడిగింది.

కానీ ఖాలా జాన్, మాకూ ఇంగితం ఉంది. ముప్ఫై ఒక్కమంది కుర్రాళ్లంటే మాటలా? మిడతల దండు నయం, అవి ఆకులతో సరిపెట్టుకుంటాయి. మీకు అంత శ్రమ ఇవ్వడం నాకెంతమాత్రం ఇష్టం లేదు. మీరు ఆ మాట అన్నారు, అదే మాకు కొండంత. బస్సు మాట్లాడలేదు. బస్సు డ్రైవరుతో ఊరికే మాట్లాడానంతే.

ఈలోగా ఇక్కడ అద్భుతాలు జరుగుతున్నాయి. శీతాకాలమంతా నేను వంటింటి బల్లమీద గాజు అరగదీస్తుంటే ఇంటివాళ్లు నాకు ఏదో జబ్బని అనుకున్నారు గదా, ఆ గాజు అద్దమైంది, అద్దం నీటిగొట్టంలో కూర్చుంది, టెలిస్కోపు తయారైంది. మొదటి సాయంత్రం పడమటి ఆకాశంలో వెలుగుతున్న శుక్రుడి మీదికి తిప్పాను. మామూలు కంటికి అది చుక్క. గొట్టంలోంచి చూస్తే సన్నటి నెలవంక! శుక్రుడికీ చంద్రుడిలాగే వృద్ధిక్షయాలున్నాయని పుస్తకంలో చదవడం వేరు, కంటితో చూడటం వేరు. వరసలో నిలబడ్డ పిల్లలు ఒకరి తర్వాత ఒకరు చూసి నోరు తెరుచుకుని పక్కకు జరిగారు. కొడుకును తీసుకెళ్లడానికొచ్చిన ఒక తండ్రి కూడా చూశాడు. చూసి, గొట్టం ముందువైపుకి నడిచి, ఆ నెలవంకను ఎవరు అంటించారో వేలితో తడిమి వెతికాడు. ఏమీ దొరక్క మళ్లీ వచ్చి చూశాడు. మూడోసారి చూశాక టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. అంతే, ఆ రోజు నుంచి రోజూ వస్తున్నాడు. అందువల్ల ఇప్పుడు మేం ముప్ఫై ఇద్దరం. కానీ మేం రావడం లేదనుకోండి.

కాబట్టి మా గురించి ఏమాత్రం ఆలోచించకండి అని మనవి చేసుకునే,
కియూమర్స్


దర్రెబీద్
తీర్ 17

కియూమర్స్ జాన్,

ఇదేం పరాయి మాట? ముప్ఫై ఇద్దరంటే ఓ లెక్కా? ముప్ఫై ఇద్దరూ రావాలి. లేకపోతే నేనలుగుతాను.

బావిలో నీళ్లు కొంచెం అడుగంటాయి, అది పెద్ద విషయం కాదు. రోడ్డు మీద వంతెన దగ్గర గొయ్యి ఉంది, బస్సు పడితే ట్రాక్టరు పెట్టి లాగొచ్చు. కుక్క ఈమధ్య కొత్తవాళ్లను కరుస్తోంది, దాన్ని కట్టేస్తాను. మీకు ఎక్కడ వీలైతే అక్కడే చూసుకోండి. ఇస్ఫహాన్ ఊళ్లో నది ఒడ్డున వంతెనల దగ్గర చాలా చల్లగా ఉంటుందని కూడా అంటున్నారు. నీ ఇష్టం, నాయనా. నువ్వు చదువుకున్నవాడివి.

ఒక్క మాట మాత్రం మనసులో పెట్టుకో. పాము దూరిన బురుజునూ, బెదిరిన బురుజునూ పావురాలు మళ్లీ తొక్కవు. మా అత్తగారి కాలంలో ఎగువ పొలం వాళ్ల బురుజు పక్కన పెళ్లివారు తుపాకులు పేల్చారు. మర్నాటి నుంచి అందులో ఒక్క రెక్క చప్పుడు లేదు. ఆ బురుజు మట్టి దిబ్బయింది, దాని వెనకే ఆ పొలమూ. నాకున్నదల్లా ఆ పిట్టలే. ఇది ఊరికే చెప్పాను. మీరు రావాలి సుమా.

శుక్రుడి ముందు టోపీ తీసినాయన ఎవరోగానీ మంచి మర్యాదస్తుడు.

ఖాలా


కాషాన్
తీర్ 23

వాత్సల్యమూర్తీ, ఖాలా జాన్,

మీరు అలిగినా సరే, ఈసారి నా మనసు రాయి చేసుకున్నాను. మేం రాము. మీ బావి, మీ కుక్క, మీ వంతెన గొయ్యి, అన్నిటికీ మించి మీ పావురాలు. ఇన్నిటికి ఇబ్బంది కలిగించి మేం చూసే గ్రహణం మాకు దక్కుతుందా? మేం కాషాన్‌లోనే మేడ మీద కూర్చుని తొంభై ఎనిమిది పాళ్లతో తృప్తి పడతాం. ఆ మిగిలిన రెండు పాళ్లు ఊహించుకుంటాం. పిల్లలకు ఊహాశక్తి పెరుగుతుంది, విద్యాశాఖవారు కూడా అదే కోరుతున్నారు.

ఇంత చెప్పినా తమరు వినకుండా మరోసారి గట్టిగా పట్టుబడితే, పెద్దల మాట కాదనడం మా వంశంలో లేదు గనుక, ఏం చేయగలను? కానీ పట్టుబట్టకండి.

ఎండ చూసే అద్దాల కోసం వెల్డింగు పనివాళ్ల నల్లగాజు ముక్కలు సేకరిస్తున్నాం. ఎవరో ఎక్స్‌రే ఫిల్ములు తెచ్చారు, అవి కంటికి చాలవని పక్కన పడేశాను. ఒకదాంట్లో సదాకత్ గారి మోకాలు ఉంది. ఆయన దాన్ని గుర్తుపట్టి తీసేసుకున్నారు.

రాకపోయినా మీ గుమ్మంలోనే ఉన్నట్టు భావించుకునే,
కియూమర్స్


దర్రెబీద్
మొర్దాద్ 1

నా బంగారు కియూమర్స్,

నీ ఉత్తరం చదివి కళ్లు చెమర్చాయి. ఈ కాలపు కుర్రాళ్లలో ఇంత ఇంగితం ఎక్కడుంది? ముసలిదాని బావినీ పిట్టల్నీ తలుచుకుని అంత పెద్ద సరదా మానుకున్నావు. మీ అమ్మ పెంపకం. నీ మాట నేను కాదనను. పట్టుబట్టొద్దన్నావు, పట్టుబట్టను.

దేవుడి దయ చూడు, నువ్వు రానన్న రెండో రోజే టెహ్రాన్ నుంచి ఒకావిడ వచ్చింది. ఫరంగీస్ ఖానుమ్ అట, పళ్ల డాక్టరు. వాళ్లదీ నీలాంటి నక్షత్రాల పిచ్చివాళ్ల గుంపట, పన్నెండుమంది. ఊళ్లన్నీ తిరిగి మా మేడ చూసి ఆగింది. టీ ఇచ్చి, లాంఛనంగా "ఈ మేడ మీదేననుకోండి" అన్నాను. "సరే, అయితే ఆ రోజుకి తీసుకుంటాం" అనేసింది. మొదటిసారికే. గ్లాసు చేతిలో పట్టుకుని నేను కొయ్యబారిపోయాను. టెహ్రాన్‌లో మనుషులు ఇలా అయిపోయారా?

ఇచ్చిన మాట ఇచ్చినట్టే. వాళ్లు మౌనంగా ఉంటారట, ముసలివాళ్లే ఎక్కువ. నువ్వు నిశ్చింతగా మీ మేడ మీద ఊహించుకో.

నీ నీడ తరగకుండా చూసే ఖాలా


కాషాన్
మొర్దాద్ 6

ఖాలా,

పోస్టులో వేస్తే నాలుగైదు రోజులు పడుతుంది. మీ ఊళ్లో ఉన్న ఒక్క ఫోను కిరాణా కొట్లో ఉంది, అందులో మాట్లాడితే దర్రెబీద్ అంతా మాట్లాడినట్టే. అందుకని ఇస్ఫహాన్ బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను.

మాకు రావాలని ఉంది.

మొదటి నుంచీ ఉంది. మీ మొదటి ఉత్తరం సదాకత్ గారికి చూపించాను. పిలుపు లేకుండా బస్సుకు అనుమతి ఇవ్వరు కదా. ఆయన రెండుసార్లు చదివి, ఇది మొదటి పిలుపు, తారోఫ్ కూడా కావచ్చు, అంటే మర్యాద కోసం అన్న మాట కావచ్చు, మంచి కుటుంబంలో పుట్టినవాడు రెండుసార్లు కాదనాలి, మూడోసారి పిలిచినప్పుడు తలవంచి ఒప్పుకోవాలి అన్నారు. నాకూ అది న్యాయంగానే తోచింది, నన్నూ అలాగే పెంచారు. ఎదురుగా కూర్చుని ఉంటే మీ మొహం చూసి తెలిసేది, ఏది నిజం పిలుపో, ఏది మర్యాదో. కాగితం మీద మొహం కనపడదు. మీరు రెండుసార్లు పిలిచారు. నేను రెండుసార్లు కాదన్నాను. మూడో ఉత్తరం కోసం గుమ్మంలో కూర్చున్నాను, అందులో పళ్ల డాక్టరు దిగింది.

నిన్న పిల్లలకు చెప్పాను. ఎప్పుడూ అరిచే పిల్లలు అరవకపోతే ఎలా ఉంటుందో నాకు తెలియదు, నిన్న తెలిసింది. ఒకడు లేచి, దానిమ్మకాయ తీసుకెళ్లి దాని చోట పెట్టేసి వచ్చాడు. వాళ్లలో సగంమంది కాషాన్ దాటి ఎన్నడూ వెళ్లలేదు. రెండు గంటల ప్రయాణం దూరంలో పగలు చీకటవుతుందని చెప్పింది నేను. చూపిస్తానని చెప్పిందీ నేనే.

మీకు ఇష్టం లేకపోతే లేదని రాయండి. నేను అలగను. మీ పావురాలు మీ బతుకని నాకు తెలుసు. కానీ ఒక్కసారి మొహమాటం లేకుండా అడుగుతున్నాను: ముప్ఫై ఒక్కమంది పిల్లలతో, ఒక తండ్రితో, ఒక హెడ్మాస్టరుతో నేను రావచ్చా?

కియూమర్స్


దర్రెబీద్
మొర్దాద్ 9

కియూ,

ఈ డ్రైవరు బయట హారన్ కొడుతున్నాడు, త్వరగా రాస్తున్నాను.

నిజం చెప్పమన్నావు కదా. నువ్వు రానన్నప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ గుంపును తలుచుకుంటే పదిహేను రోజులు నిద్ర లేదు. ఇప్పుడూ భయమే.

మేడ ఇవ్వలేను, అది ఫరంగీస్ ఖానుమ్‌కి ఇచ్చేశాను. బురుజు కింద పుచ్చపొలం గట్టు ఉంది, అక్కడ కూర్చోండి. నీళ్లు తక్కువ, మీ నీళ్లు మీరే తెచ్చుకోండి. రొట్టెలు కూడా. తీగలు తొక్కినవాడి చెవి నా చేతిలో ఉంటుంది. ఒక్కటే షరతు: చీకటి పడ్డప్పుడు ఒక్కడు కూడా నోరు విప్పకూడదు. పావురాలు బెదరకూడదు. నోరు విప్పినవాడికి ఖర్బూజా లేదు.

గ్రహణపు నమాజు సంగతి మసీదు ఆఖుంద్‌ను అడిగాను. మొదలైన దగ్గర్నుంచీ చేసుకోవచ్చన్నాడు. ఈ మోకాళ్లతో పదిసార్లు వంగాలి. నేను చేసుకుని లోపలే ఉంటాను, తెర దించుకుని. నన్ను పిలవొద్దు.

రండి.

ఖాలా


కాషాన్
మొర్దాద్ 24

ఖాలా జాన్,

సలాం. ఇక్కడ దిగులేమీ లేదు. ఈసారి అది మర్యాద కాదు.

తిరిగొచ్చి మూడు రోజులైనా అక్షరాలు ఇంకా గుండ్రంగా రావడం లేదు. మీరు లోపలున్నారు కాబట్టి బయట ఏం జరిగిందో శాస్త్రోక్తంగా నివేదించుకోవడం నా ధర్మం.

వంతెన గొయ్యిలో బస్సు పడింది. మీరు ముందే సెలవిచ్చారు. ముప్ఫై ఒక్కమంది దిగి తోస్తే ట్రాక్టరుతో పని లేకపోయింది. గట్టు మీద కూర్చోగానే చంద్రుడు సూర్యుడి అంచు కొరికాడు. నల్లగాజులు చేతులు మారుతున్నాయి. మీ మల్బరీ నీడలో ఆకుల సందుల్లోంచి పడే వెలుగు చుక్కలన్నీ కొడవళ్లయ్యాయి, ఒకడి చొక్కా మీద ఇరవైమంది సూర్యులు. ఎండ ఉంది కానీ ఎండలా లేదు, పాత ఫోటోలో ఎండలా ఉంది. గాలి చల్లబడింది. మీ కుక్క మొరగడం మానేసి సదాకత్ గారి బూట్ల మీద పడుకుంది. ఆయన కదలడానికి భయపడి ఆఖరిదాకా ఆ భంగిమలోనే ఉండిపోయారు.

అప్పుడు పడమటి కొండల వెనక ఆకాశం నల్లబడింది. తుపాను వస్తున్నట్టుంది, కానీ చప్పుడు లేదు. ముందు పిట్టలే చూశాయి. నదివైపు నుంచి, పొలాలవైపు నుంచి, నాలుగు దిక్కుల నుంచీ మీ పావురాలు వచ్చేశాయి, వందలు వందలు, మా తలల మీదుగా, రెక్కల గాలి మొహానికి తగిలేంత కిందుగా. సాయంత్రం నాలుగున్నరకు ఇల్లు చేరి బురుజు చిల్లుల్లోకి దూరిపోయాయి. ఆఖరి పిట్ట లోపలికి వెళ్లిందో లేదో, దీపం ఆరింది.

ఎలా చెప్పను ఖాలా? నల్లటి గుండ్రటి చిల్లు, దాని చుట్టూ తెల్లటి పట్టు జూలు, ఊగీ ఊగనట్టు నిలిచి ఉంది. దిక్కులన్నిటా అంచు వెంబడి సూర్యాస్తమయపు రంగు. పక్కనే చుక్క వెలిగింది. శుక్రుడు! మా మేడ మీది పాత స్నేహితుడు! పిల్లలు అరవలేదు. నోళ్లు రెండు చేతులా మూసుకున్నారు. తర్వాత ఒకడు ఒక చెయ్యి తీసి శుక్రుడికి ఊపాడు. అంతే, ముప్ఫై ఒక్క చేతులు లేచాయి. ఆ తండ్రి టోపీ ఊపాడు. నాకు ఏడవాలో నవ్వాలో తెలియక రెండూ చేశాను, చప్పుడు లేకుండా.

ఆ నిశ్శబ్దంలో ఎవరో అరిచారు.

పొలికేక. "యా ఖుదా, కియూ, చూడరా, చూడరా!" అని. మా గట్టు మీది నుంచి కాదు. మేడ మీది నుంచీ కాదు, టెహ్రాన్ వాళ్లు మమ్మల్నే కోపంగా చూశారు. నేను వెనక్కి తిరిగేలోపు సూర్యుడి అంచున ఒక్క చుక్క నిప్పు రాలింది, పగలయిపోయింది. తిరిగి చూస్తే మీ ఇంటి తలుపు మూసే ఉంది, తెర దించే ఉంది. కాబట్టి ఆ కేక ఎవరిదో శాస్త్రం తేల్చలేకపోయింది. మీరేమైనా విన్నారా?

వెలుగొచ్చాక సదాకత్ గారు కుక్క కిందనుంచి కాళ్లు తీసుకుని నా దగ్గరకొచ్చారు. కళ్లజోడు తడిసిపోయి ఉంది. "కియూమర్స్ ఆగా," అన్నారు, "ఉన్నదంతా ఆ రెండు పాళ్లలోనే ఉందయ్యా."

ఒక తప్పు కూడా ఒప్పుకోవాలి. బయల్దేరేటప్పుడు మీ అన్నం వార్చే పళ్లేన్ని పిల్లలు మెచ్చుకుంటే మీరు "మీదేననుకోండి" అన్నారట. టెహ్రాన్ గాలి మా పిల్లలకు అప్పుడే సోకింది. కాషాన్ చేరాక బస్సు సీటు కింద అది కనపడింది. డ్రైవరు చేత పంపిస్తాను.

మళ్లీ ఎప్పుడని పిల్లలు రోజూ ప్రాణం తీస్తున్నారు. లెక్క చూశాను. మన దేశం మీదుగా ఇలాంటి నీడ మళ్లీ ముప్ఫై అయిదేళ్లకు వస్తుంది, దక్షిణాన, నౌరూజ్ పండగ వాకిట్లో ఉండగా. అప్పటికి ఈ కుర్రాళ్లకు పొట్టలొస్తాయి, నాకు పళ్లూడతాయి. బస్సు మాత్రం మాట్లాడుతున్నాను. మీరూ వస్తారా?

మీ గట్టు మీద, శుక్రుడికి ఊపుతూ, ఒక చెయ్యి వదిలేసి వచ్చిన,
కియూమర్స్


దర్రెబీద్
షహ్రీవర్ 2

కియూ,

పావురాల మాట ముందు. మర్నాడు తెల్లవారుజామున బురుజు కింద నిలబడ్డాను. మేతకు వెళ్లాయి. సాయంత్రం వచ్చాయి. అన్నీ వచ్చాయి. అవి ఆ పూట బెదరలేదు నాయనా, పొద్దుగూకిందనుకున్నాయి, ఇంటికొచ్చాయి. పగలయ్యాక బయటికొచ్చి మళ్లీ మేతకు పోయాయి. వాటికున్న గుండె నిబ్బరం నాకు లేకపోయింది.

ఇక కేక సంగతి. నేను తెర దించాను. పదిసార్లూ వంగి నమాజు ముగించాను. గది చీకటి. తల ఎత్తేసరికి నా నమాజు చాప మీద నెలవంక ఉంది. రంజాన్ మొదటి రోజు పొడుస్తుందే, అంత సన్నటిది, ముత్యమంత వెలుగుది. చేత్తో తుడిచాను. చేతి మీదికొచ్చింది. వెనక్కి తిరిగి చూస్తే, తెరలో చిమ్మెట తిన్న చిల్లు. మీ అమ్మ పెళ్లినాటి తెర అది. ఎన్నిసార్లు కుడదామనుకున్నానో. ఏ చిన్న చిల్లైనా సూర్యుడి బొమ్మ గీస్తుందని నువ్వు రాసింది అప్పుడు గుర్తొచ్చింది, పళ్లెంతో ఆడుకుంటున్నావని నేను వెక్కిరించిందీ గుర్తొచ్చింది. సూర్యుడు లోపలికే వచ్చి నా చాప మీద కూర్చుంటే నేనెవరి మీద తలుపు మూసుకున్నట్టు? నేను చూస్తుండగానే ఆ నెలవంక సన్నబడి, దారమై, ఆరిపోయింది.

వెనక తలుపు తీసుకుని పెరట్లోకి పరిగెత్తాను. ఈ మోకాళ్లతో. తల ఎత్తాను. తర్వాత ఏమైందో నాకు తెలియదు. ఆ కేక ఫరంగీస్ ఖానుమ్‌దే అయ్యుండాలి. టెహ్రాన్ వాళ్లకు మర్యాద తెలియదు.

అయినా షరతు షరతే. ఆ రోజు మీరంతా గట్టు మీద ఖర్బూజాలు కోసుకుని రసం మోచేతుల దాకా కారుస్తూ తిన్నారు. నువ్వు నాకో ముక్క తెచ్చిచ్చావు. ఆకలి లేదన్నాను, గుర్తుందా? అది మర్యాద కోసం అనుకుని మరో రెండుసార్లు బలవంతపెట్టావు. మర్యాద కాదు. నోరు విప్పినవాడికి ఖర్బూజా లేదు.

పళ్లెం పంపకు. వంటకు వేరేది కొన్నాను. అది పిల్లల దగ్గరే ఉండనీ, ఇది నిజంగా అంటున్నాను. మీ హెడ్మాస్టరుకు సలాం చెప్పు. కుక్క ఆయన కోసం రోడ్డు వైపు చూస్తోంది.

ముప్ఫై అయిదేళ్ల తర్వాత నాకు నూట ఒకటి. బస్సులో కిటికీ పక్క సీటు నాకుంచు. మొదటి పిలుపుకే ఒప్పుకుంటున్నాను.

ఖాలా